భోగం మాన్యం, 44-ఎ సెక్షన్

మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో కాలవగట్టు దిగగానే ఓ నాలుగెకరాల చెక్క ఉంది. గోదావరి జిల్లాల్లో ప్రతి చెక్కకీ ఓ పేరుంటుంది కదా. పుంతచేను, తాటితోపు, కరణంగారి చెక్క, అలా. దీని పేరు భోగం మాన్యం. నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, పెరట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న నాయనమ్మని అడిగాను, "భోగం మాన్యం అంటే ఏంటి నాయనమ్మా?" అని. ఆవిడ చెయ్యి ఆగింది. "నీకెందుకురా ఆ గొడవ. పోయి మజ్జిగన్నం తిను."

తిన్నాను. ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు ఆ గొడవ జోలికి పోలేదు.

మూడేళ్ళ కిందట మా పెదనాన్నగారి అబ్బాయి ఆ చెక్క పక్కనున్న తన వాటా అమ్ముతానంటే పాత కాగితాలు తియ్యాల్సొచ్చింది. దస్తావేజులో హద్దులు రాసిన చోట, తూర్పుకి "భోగం మాన్యం" అని ఉంది. ఊళ్ళో రెవెన్యూలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరుంటే వెళ్ళి అడిగాను. ఆయన చాలా మామూలుగా చెప్పేశారు: "అది గుడి సర్వీసు ఇనామండీ. మేళం వాళ్ళది. తర్వాత సర్వీసు తీసేసి, భూమి ఆవిడ పేరునే ఉంచేశారు. ఏటా కట్టుబడి కట్టుకునేవారు." మేళం వాళ్ళన్నా భోగం వాళ్ళన్నా దేవదాసీలే. మాన్యం, ఇనాం అంటే గుడి సేవకి బదులుగా ఇచ్చిన భూమి, కట్టుబడి అంటే దాని మీద వేసే నామమాత్రపు పన్ను. ఎవరు తీసేశారండీ అంటే, "గవర్నమెంటేనండీ, తెల్లోళ్ళ టైములోనే" అన్నారు.

గవర్నమెంటు తనంతట తాను అలాంటి పనులు చెయ్యదు. ఎవరో ఒకరు లేచి నిలబడి అడగాలి. ఆ అడిగిన మనిషి కోసం వెతుక్కుంటూ పోతే డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దగ్గర తేలాను.

ఆవిడ పేరు మనకి కొత్తేం కాదు. 2019లో గూగుల్ డూడుల్ కూడా పెట్టింది. ఇంటిపేరు చూసి చాలామంది తెలుగావిడ అనుకుంటారు. ఆ రెడ్డి ఆవిడ భర్త డాక్టర్ సుందర రెడ్డి నుంచి వచ్చింది, ఆవిడ పుదుక్కోట్టై తమిళ ఆడపడుచు. జెమినీ గణేశన్‌కి మేనత్త వరస అంటే మనవాళ్ళు టక్కున గుర్తుపడతారు (సావిత్రి పుణ్యమా అని మనకి జెమినీ బంధువర్గమంతా కంఠోపాఠం).

ఆవిడ గురించి తెలుగులో ఏది చదివినా ఒకటే వరస. మగపిల్లల కాలేజీలో చేరిన తొలి ఆడపిల్ల, తొలి మహిళా హౌస్ సర్జన్, తొలి మహిళా శాసనసభ్యురాలు, తొలి మహిళా ఉపాధ్యక్షురాలు, చివర్లో దేవదాసీ వ్యవస్థను రద్దు చేసిన ధీర వనిత. పోటీ పరీక్షల పుస్తకంలా ఉంటుంది. పైగా ఆ తొలి అన్న మాటలో మెలికలుంటాయి. శాసనసభ సంగతే తీసుకుంటే బ్రిటిష్ ఇండియాలో తొలి అనాలి. సంస్థానాలను కూడా లెక్కేస్తే, తిరువాన్కూరులో మేరీ పున్నెన్ లూకోస్ అనే ఇంకో డాక్టరమ్మ అంతకుముందే సభలో కూర్చున్నారు. ఇక రద్దు చేశారన్న మాట ఇంకా తప్పు. రద్దు చట్టం 1947లో వచ్చింది. ఆవిడ సభలోంచి బయటికి వచ్చేసింది 1930లో. మరి సభలో ఉన్న ఆ మూడు, మూడున్నర ఏళ్ళలో ఏం చేసినట్టు? నా లెక్కలో ఆవిడ చేసిన అసలు పని అందరూ పొగిడే రద్దు కాదు. ఆ పెద్దాయన నోట విన్న "సర్వీసు తీసేసి, భూమి ఆవిడ పేరునే ఉంచేశారు" అన్న ఒక్క ముక్క.

కథ మొదటికి వెళ్ళాలి. 1886 జూలై 30న పుదుక్కోట్టై సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్, మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్, దేవదాసీ కుటుంబం. ఆయన ఈవిడతో కాపురం పెట్టాక బంధువులు దూరం పెట్టారు. అంటే ఆ పిల్ల పుట్టడమే రెండు వీధుల మధ్య పుట్టింది. అగ్రహారంలో పూర్తి చోటు లేదు, తల్లి వైపు వాళ్ళతో కలవనివ్వరు. స్కూలు చదువు అయ్యాక కాలేజీలో చేరతానంటే ఊరంతా గగ్గోలు. కారణాలు రెండూ చెప్పారు: ఆడపిల్ల అని ఒకటి, తల్లి ఎవరో తెలుసు కదా అని ఇంకొకటి. మహారాజా మార్తాండ భైరవ తొండైమాన్ పట్టుబట్టి సీటు ఇప్పించారు. మగపిల్లలకి కనబడకుండా తెర వెనక కూర్చుని పాఠం వినాలి. మూసిన బండిలో రావాలి, మూసిన బండిలో పోవాలి.

ఆ తెర దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. తెర ఇవతల కూర్చున్న పిల్లకి పంతులు గొంతు వినిపిస్తుంది గానీ, పంతులుకి ఆ పిల్ల మొహం కనబడదు. అర్థమైందో లేదో ఆయనకి తెలీదు. అడిగే అవకాశం ఈ పిల్లకి లేదు. అలా చదివి పాసై, 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, 1912లో డాక్టరై బయటికొచ్చారు. 1914లో పెళ్ళి. నన్ను సమానంగా చూడాలి, నా పనులకి అడ్డు చెప్పకూడదు అని ముందే షరతు పెట్టి చేసుకున్నారట. నేటి మ్యాట్రిమొనీ ప్రొఫైల్‌లో రాసినా నలుగురూ కనుబొమలు ఎగరేసే షరతు అది.

ప్రాక్టీసు బాగా నడుస్తోంది, ఇద్దరు పిల్లలు. 1925లో ప్రభుత్వ సాయంతో ఇంగ్లండు వెళ్ళి స్త్రీల, పిల్లల జబ్బుల మీద పై చదువు చదివి వచ్చారు. ఆ సమయానికి మద్రాసులో పరిస్థితి ఇలా ఉంది. ఆడవాళ్ళకి ఓటు హక్కు మిగతా రాష్ట్రాలకంటే ముందు, 1921లోనే ఇక్కడ వచ్చింది. ఆస్తి, పన్ను అర్హతలున్నవాళ్ళకే అనుకోండి, అది మగవాళ్ళకీ అంతే. కానీ సభ్యులుగా కూర్చునే హక్కు 1926 దాకా లేదు. ఆ ఏడాది ఎన్నికల్లో కమలాదేవి చటోపాధ్యాయ మంగళూరు వైపు నుంచి నిలబడి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. గెలిచి వచ్చిన ఆడమనిషి లేకపోతే కనీసం నామినేట్ అయినా చెయ్యమని అడయారులోని విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ వాళ్ళు గవర్నరు వెంటపడ్డారు. అలా ముత్తులక్ష్మి రెడ్డి సభలోకి వచ్చారు. ఓట్లు అడగలేదు, పార్టీ లేదు. వెనకాల పదిమంది సభ్యుల బలగం కూడా లేదు.

ఆ మద్రాసు సభ అంటే మనది కూడా. కోస్తా జిల్లాలు, రాయలసీమ అన్నీ అందులోనే. 98 మంది ఎన్నికైన సభ్యుల్లో మనవాళ్ళు బోలెడంతమంది. ఆ సభ అధ్యక్షుడు విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన సి.వి.ఎస్. నరసింహరాజు. 1927లో ఉపాధ్యక్ష పదవికి ముత్తులక్ష్మి రెడ్డిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. అంటే సభలో ఆవిడ పక్క కుర్చీ తెలుగాయనది. చట్టాలు కూడా గంజాం నుంచి తిన్నెవేలి దాకా ఒకటే. పుదుక్కోట్టై పిల్ల మద్రాసు కోటలో రాసిన వాక్యం మా నాయనమ్మ ఊళ్ళో కాలవగట్టు పక్క చెక్కకి ఎలా వర్తించిందంటే, అందుకే.

అధికారం మాత్రం అంతంతే. 1919 చట్టం ప్రకారం చదువు, వైద్యం, స్థానిక సంస్థల్లాంటివి మంత్రుల చేతిలో. పోలీసు, భూమి శిస్తు, డబ్బు గవర్నరు మనుషుల చేతిలో. సభ్యుడు తీర్మానం పెట్టొచ్చు. అది నెగ్గినా ప్రభుత్వానికి సిఫారసు మాత్రమే. వాళ్ళకి ఇష్టమైతే చేస్తారు, లేకపోతే ఫైల్లో పెట్టి దారం కడతారు.

1927 నవంబరులో ఆవిడ పెట్టిన తీర్మానం అలాంటిదే. ఆడపిల్లల్ని గుళ్ళకి అంకితం చేసే ఆచారాన్ని చట్టం ద్వారా ఆపాలని. సభ ఒప్పుకుంది. పత్రికలు రాశాయి. పిల్లల పెళ్ళి వయసు పెంచాలని, బడిపిల్లలకి వైద్య పరీక్షలు జరపాలని, స్త్రీలకీ పిల్లలకీ వేరే ఆస్పత్రి కావాలని ఇంకా చాలా అడిగారు. హార్టోగ్ విద్యా కమిటీలో సభ్యురాలిగా దేశమంతా తిరిగారు. ఇవన్నీ ఎవరి జీవితచరిత్రలోనైనా బావుండే విషయాలే, నేను ఇంకా చెప్పను. నాకు కావాల్సింది తీర్మానం నెగ్గిన తర్వాతి రోజు.

తీర్మానం నెగ్గింది. ఇప్పుడేంటి? శిక్షాస్మృతిలో 372, 373 సెక్షన్లు అప్పటికే ఉన్నాయి. మైనరు పిల్లని వ్యభిచారం కోసం అప్పగించడం, కొనడం నేరం. కానీ గుళ్ళో జరిగేది చూడ్డానికి పెళ్ళిలా ఉంటుంది. దేవుడి ముందు తాళి కడతారు, తమిళంలో పొట్టుకట్టు అంటారు. అక్షింతలు, మేళాలు, భోజనాలు. అది ఫలానా పని కోసమే జరిగిందని కోర్టులో రుజువు చెయ్యడం ఎవరి వల్ల అవుతుంది? సాక్ష్యం చెప్పేదెవరు? అమ్మా? పూజారా?

ఇక్కడ డాక్టరమ్మలోని డాక్టరు పనిచేసిందని నాకనిపిస్తుంది. జ్వరం వస్తోందని తెలుసు, అదెందుకు తిరగబెడుతోందో చూశారు. కారణం భక్తి ఒక్కటే కాదు, భూమి. గుడి ఒక కుటుంబానికి మాన్యం ఇస్తుంది. దానికి బదులు ఆ ఇంటి ఆడమనిషి దేవుడి ముందు ఆడాలి, పాడాలి, హారతి పట్టాలి. ఆవిడ ముసలిదయ్యాక? సేవ చేసే మనిషి లేకపోతే మాన్యం వెనక్కి పోతుంది. కాబట్టి ఆ ఇంట్లో ఇంకో పిల్ల కాళ్ళకి గజ్జెలు కట్టాలి. కడుపున పుడితే సరే, లేకపోతే తెచ్చి పెంచుకోవాలి. నాలుగెకరాలు నిలబడాలంటే తరానికో పిల్ల కావాలి. మీరెంత నీతిబోధ చెయ్యండి, జైల్లో పెడతామని బెదిరించండి, అన్నం పెట్టే చెక్కని వదులుకోమంటే ఏ తల్లి వదులుకుంటుంది? మనం వదులుకుంటామా?

అప్పుడే పానగల్లు రాజా ప్రభుత్వ కాలంలో మొదలైన హిందూ దేవాదాయ చట్టం కొత్తగా అమల్లో ఉంది. గుళ్ళ ఆస్తులన్నీ దాని కిందికి వచ్చాయి. ముత్తులక్ష్మి రెడ్డి ఆ చట్టానికి ఒక సవరణ తెచ్చారు. 1929లో నెగ్గింది, ఆ ఏటి అయిదో నంబరు చట్టం. దాంతో దేవాదాయ చట్టంలో 44-ఎ అనే కొత్త సెక్షను చేరింది. దాని సారం ఇది. దేవదాసీ సేవ కోసం ఇచ్చిన ఇనాం భూముల మీద ఆ సేవ షరతు తీసేస్తారు. ప్రభుత్వం ఒక నామమాత్రపు కట్టుబడి వేస్తుంది. అది కట్టుకుంటూ భూమి వాళ్ళే అనుభవించొచ్చు. భూమి కాకుండా శిస్తు మాత్రమే రాసిచ్చిన చోట, బతికున్నంత కాలం అది వాళ్ళకే. గుళ్ళో ఆడనక్కర్లేదు. ఆడించే హక్కు ఎవరికీ లేదు.

నిషేధం లేదు. నేరం లేదు. పోలీసు లేడు. ఎవర్నీ చెడ్డవాళ్ళని అనలేదు. భూమికీ పిల్లకీ మధ్య ఉన్న ముడి ఒక్కటి విప్పారు, అంతే. నేను ఎన్నో సంస్కరణల గురించి చదివాను, చాలావాటిలో బాధితులకి ఇచ్చేది ఉపన్యాసం, తీసుకునేది జీవనాధారం. ఇక్కడ తీసుకున్నది షరతు, మిగిల్చింది చెక్క. పార్టీ లేని ఒక నామినేటెడ్ సభ్యురాలు, సగం అధికారం ఉన్న సభలో, వేరేవాళ్ళు తెచ్చిన చట్టంలో ఒక కొత్త సెక్షను దూర్చి ఈ పని చెయ్యడం నాకు ఆవిడ అన్ని ‘తొలి’ల కంటే గొప్పగా కనబడుతుంది.

అయితే ఇందులోనూ తిరకాసుంది. కలావంతుల, అంటే మన వైపు దేవదాసీల, ఇళ్ళలో ఆస్తి తల్లి నుంచి కూతురికి పోయేది. అన్నదమ్ములు ఆ ఇంట్లో ఉండేవారు, తినేవారు, మద్దెల వాయించేవారు, కానీ యజమాని ఆడమనిషి. సేవ షరతు పోయి భూమి మామూలు ఆస్తి అయ్యాక, మగవాళ్ళ వాటాలు లేచాయని తర్వాత పరిశోధకులు ఎత్తిచూపారు. ఆడవాళ్ళని విడిపించిన సెక్షను వాళ్ళ పెత్తనాన్ని కూడా కొంత విడదీసింది. ముత్తులక్ష్మి రెడ్డి ఇది ఊహించారని అనుకోను. ఒక సెక్షను ఎంత జాగ్రత్తగా రాసినా, అది ఊళ్ళోకి వెళ్ళాక ఊరి లెక్కలో పడుతుంది.

ఇప్పుడు అసలు పేచీ. ఆవిణ్ణి ఎదిరించినవాళ్ళంతా చాదస్తపు మగవాళ్ళే అనుకుంటే మనకి సుఖంగా ఉంటుంది. కానీ గట్టిగా ఎదిరించినవాళ్ళు ఆ ఆడవాళ్ళే. మద్రాసు దేవదాసీలు సంఘం పెట్టుకుని, ప్రభుత్వానికి మహజరు, అంటే అందరూ కలిసి రాసిన అర్జీ, పంపుకున్నారు. మేం వేశ్యలం కాదు, మా వృత్తి సంగీతం, నాట్యం, దేవుడి సేవ. తప్పు చేసినవాళ్ళుంటే వాళ్ళని శిక్షించండి. మా జాతినంతా ఎందుకు అంటారు? మాకు చదువు చెప్పించండి. మమ్మల్ని అడక్కుండా మా మీద చట్టాలేంటి? వాళ్ళ ముందు వరసలో బెంగుళూరు నాగరత్నమ్మ ఉన్నారు.

ఈ నాగరత్నమ్మ తెలుగువాళ్ళకి బాగా తెలిసిన మనిషి. 1910లో కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ పూర్తి పాఠాన్ని వెతికి పట్టుకుని వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించారు. అంతకుముందు వీరేశలింగం గారు ఆ కావ్యాన్ని ఆడది రాయదగని బూతు కింద తీసిపారేశారు. ఇలాంటి విషయాలు మగకవులు రాస్తే లేని తప్పు ఆడది రాస్తే వచ్చిందా అని ఆవిడ పీఠికలోనే పంతులుగారిని నిలదీశారు. పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం దాకా ఆగాల్సొచ్చింది. ముత్తులక్ష్మి రెడ్డి సభలోకి రాకముందే ఈవిడ తన సంపాదనంతా పెట్టి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించారు. ఈ రోజు ఆ ఆరాధనోత్సవాల్లో పంచరత్నాలు పాడే పెద్దమనుషుల్లో ఎంతమందికి తెలుసో, ఆ చోటు ఒక దేవదాసీ నగలమ్మి నిలబెట్టిందని.

ఇద్దరూ ఆ వీధిలోంచి వచ్చినవాళ్ళే. ఒకరికి ఆ వీధి తల్లి కార్చిన కన్నీరు. ఇంకొకరికి అది సంగీతం, చదువు, సొంత ఇల్లు, సొంత గొంతు. ఎవరిది నిజం? నేను తప్పించుకోను, నా సమాధానం చెప్తాను. తొమ్మిదేళ్ళ పిల్ల మెడలో తాళి కట్టే విషయంలో ముత్తులక్ష్మి రెడ్డిదే నిజం. ఆ పిల్ల పెద్దయ్యాక నాగరత్నమ్మ అవ్వొచ్చు అన్నది ఆ తాళికి సమర్థన కాదు. ఒక్క నాగరత్నమ్మ వెనక, కన్నెరికం పేరుతో ఎవరో జమీందారుకి లెక్కగట్టి ఇచ్చిన పిల్లలు ఎందరో. కానీ, మమ్మల్ని అడక్కుండా చట్టాలేంటి అన్న విషయంలో నాగరత్నమ్మదే నిజం. ముత్తులక్ష్మి రెడ్డి ఆ మహజరుని వినాల్సినంత వినలేదు. తెర వెనక కూర్చుని చదువుకున్న మనిషి, తెర అవతలి నుంచి వచ్చే ప్రశ్నలకి ఇంకొంచెం ఓపిక చూపి ఉండాల్సింది. ఆ ఆడవాళ్ళ గురించి ఆవిడ మాటలు చాలాచోట్ల కటువుగానే ఉంటాయి. తల్లి మీది జాలే ఆ వృత్తి మీద కోపంగా మారిందేమో. అర్థం చేసుకోగలను, ఒప్పుకోలేను.

ఆ కోపం సభ వదిలాక కూడా పోలేదు. 1932లో బొబ్బిలి రాజా ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన గౌరవార్థం పెట్టిన విందులో దేవదాసీ నాట్యం జరిగింది. ముత్తులక్ష్మి రెడ్డి మండిపడి పత్రికలకి ఉత్తరాలు రాశారు. ఇ. కృష్ణయ్యర్ అనే వకీలు ఎదురు ఉత్తరాలు రాశారు, కళేం పాపం చేసింది అని. ఆ వాదం ముదిరాకే ఆ నాట్యానికి ‘భరతనాట్యం’ అనే మర్యాదైన పేరు స్థిరపడి, మర్యాదైన ఇళ్ళ పిల్లలు నేర్చుకోవడం మొదలైంది. ఆడినవాళ్ళు తప్ప ఆట మిగిలింది. తెలుగు వైపు అదే కథ. నటరాజ రామకృష్ణ గారు ఊరూరా తిరిగి ముసలి కలావంతుల్ని కూర్చోబెట్టి, బతిమాలి, వాళ్ళ దగ్గరున్నది నేర్చుకోకపోతే ఆంధ్రనాట్యం అనేదే మనకి ఉండేది కాదు.

మళ్ళీ సభకి వద్దాం. 1930లో ఆవిడ అసలు నిషేధ బిల్లు కూడా పెట్టారు. అంతలో ఉప్పు సత్యాగ్రహం, గాంధీ అరెస్టు. దానికి నిరసనగా పదవికి రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. బిల్లు అక్కడే ఆగిపోయింది. ఈ రాజీనామాని అందరూ త్యాగంగా రాస్తారు. నాకు మొదట్లో చిరాకేసింది. రాజీనామా చెయ్యడానికి వందమంది ఉన్నారు, ఆ బిల్లు నడపడానికి ఈవిడ ఒక్కరే కదా అని. తర్వాత తారీఖులు చూసుకుంటే అదే ఏడు ఆ కౌన్సిల్ గడువు కూడా అయిపోయింది. ఉన్నా ఏమయ్యేదో. నా చిరాకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆ బిల్లు లాంటిది చట్టం కావడానికి ఇంకో పదిహేడేళ్ళు పట్టింది.

1947లో వచ్చిన ఆ చట్టం చదివాను. అంకితం చెయ్యడం నేరం, సరే. అంకితమైన స్త్రీ పెళ్ళి చేసుకోవచ్చు, చాలా మంచిది. దాని పక్కనే ఇంకో మాట ఉంది. గుడి ఆవరణలో గానీ, దేవుడి ఊరేగింపులో గానీ, కుంభహారతితో గానీ అది లేకుండా గానీ, స్త్రీ నాట్యం చెయ్యడం చట్టవిరుద్ధం. 44-ఎ పక్కన పెట్టి చూడండి. ఒకటి, ఆడనక్కర్లేదు అంది. ఇంకొకటి, ఆడకూడదు అంది. మొదటిది చేతికి భూమి ఇచ్చి, నీ ఇష్టం అంది. రెండోది చేతిలో హారతి పళ్ళెం లాక్కుంది. రెండూ ఒకే ఉద్యమం నుంచి వచ్చాయి. మనం విగ్రహం కట్టింది రెండోదానికి.

పైగా నిషేధంతో పని అయిపోయిందా అంటే, 1988లో ఆంధ్రప్రదేశ్ మళ్ళీ ఇంకో చట్టం చెయ్యాల్సొచ్చింది, జోగినుల కోసం, అంటే ఊరి దేవతకి అంకితమిచ్చే ఆడపిల్లల కోసం. నిజామాబాదు, మహబూబ్‌నగర్ వైపు ఊళ్ళలో మాన్యం లేదు, సంగీతం లేదు, ఉన్నది పేదరికం, కులం. హేమలతా లవణం గారి లాంటివాళ్ళు ఊళ్ళలో కూర్చుని పనిచేస్తే తప్ప చట్టం కాగితం కదల్లేదు.

ముత్తులక్ష్మి రెడ్డికి ఆ సంగతి చట్టం రాకముందే తెలుసు. సభ వదిలిన రోజుల్లోనే ఒక రాత్రి ముగ్గురు దేవదాసీ పిల్లలు ఆవిడ ఇంటి తలుపు కొట్టారు. గుడికి పోం, ఇంటికి పోం, చదువుకుంటాం అని. ఏ హాస్టలూ ఆ పిల్లల్ని చేర్చుకోలేదు. సొంత ఇంట్లోనే పెట్టుకుని చదివించారు. అవ్వై హోమ్ అలా మొదలైంది. ఇప్పటికీ అడయారులో ఉంది. ఆ ఆవరణకి కాస్త దూరంలో, 1954లో, 12 పడకలతో మొదలుపెట్టిన క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. చెల్లెలు క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచి ఆవిడ మనసులో ఉన్న పని అది. నెల్లూరు, చిత్తూరు వాళ్ళని అడగండి, "అడయారు తీసుకెళ్ళారంట" అంటే ఏ జబ్బో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. 1968లో ఆవిడ పోయారు.

మా ఊరి సంగతి మిగిలింది. కాగితాల గొడవ అయ్యాక మా మేనత్తని కదిలించాను. ఎనభై దాటాయి, మనిషి గట్టిగానే ఉంది. "అత్తయ్యా, భోగం మాన్యం ఆవిడ నీకు తెలుసా?" అన్నాను. నాయనమ్మలాగే పొమ్మంటుందనుకున్నా. అత్తయ్య నవ్వింది.

మా తాతయ్య పెళ్ళైన కొత్తలో రంగూన్ వెళ్ళాడు, ఆ రోజుల్లో కోనసీమ కుర్రాళ్ళు చాలామంది వెళ్ళినట్టే. అక్కణ్ణుంచి ఉత్తరాలు రాసేవాడు. నాయనమ్మకి చదువు రాదు. కరణంగారి దగ్గరికి తీసుకెళ్తే ఊరంతా తెలుస్తుంది. మావగారికి ఇస్తే, మొగుడు పెళ్ళానికి రాసిన ముక్క ఆయన ఎలా చదువుతాడు? ఊళ్ళో చదువొచ్చిన ఆడమనిషి ఒక్కర్తే. పగటిపూట ఆ వీధి మొహం చూడకూడదు. అందుకని నీళ్ళ బిందె చంకన పెట్టుకుని, సందెచీకట్లో కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి, పెరటి గుమ్మంలోంచి వెళ్ళేదిట.

"ఆవిడే చదివేది, జవాబు కూడా ఆవిడే రాసేది," అంది అత్తయ్య. "నాన్న బర్మా నుంచి నడిచొచ్చినప్పుడు ఆ ఉత్తరాల కట్ట కూడా తెచ్చుకున్నాడు. మా చిన్నప్పుడు పెట్లో ఉండేవి. ఎంత చక్కని దస్తూరీ అనుకున్నావు! మా అమ్మే రాసిందనుకునేదాన్ని నేను."

"నాయనమ్మ ఎప్పుడైనా చెప్పిందా నీకు?"

"ఎక్కడ చెప్పిందిరా. ఆ ఉత్తరాలావిడ పోయిన రోజు మాత్రం అమ్మ మధ్యాహ్నం అన్నం తినలేదు. ఏంటమ్మా అంటే, తలనొప్పి అంది."